పండుగ వంటకు 5 లీటర్ల ట్రైప్లై స్టీల్ కుక్కర్: దుంపకూరలకూ సూపులకూ ఎంతవరకు పనికొస్తుంది?

పండుగ సెలవులకు పిల్లలు, తోబుట్టువులు, వారి కుటుంబాలు ఒకచోట చేరినప్పుడు పెద్దా చిన్నా అందరికీ సమ్మతమైన కూర బంగాళాదుంప. పొద్దున పూరీలోకి కూర, మధ్యాహ్నం వేపుడో పులుసో, రాత్రి చలికి పెద్దవాళ్ల కోసం మిరియాలు దట్టించిన వేడి సూపు. సంక్రాంతి మూడు రోజులూ మా ఇంట్లో ఇదే వరస. ఈ వంటలన్నిటికీ ఇప్పుడు మేము వాడుతున్నది 5 లీటర్ల ట్రైప్లై (మూడు పొరల) స్టీల్ ప్రెషర్ కుక్కర్, మూత పైనుంచి బిగించే రకం. ఇదే తరహా కుక్కర్లను మన దేశంలో పలు కంపెనీలు దాదాపు ఒకే నిర్మాణంతో తయారుచేస్తున్నాయి కనుక, కంపెనీ పేరు ప్రస్తావించకుండా ఆ తరహా మంచిచెడ్డలను మాత్రమే రాస్తున్నాను. దుంపలు, సూపులు తరచుగా, ఎక్కువ మోతాదులో వండే ఇంటికి ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేసే పాత్ర అని నా నమ్మకం. అయితే విజిళ్లు లెక్కపెట్టి దించే పాత అలవాటుతోనే వాడితే మాత్రం దీని గొప్పతనం సగం కూడా తెలిసిరాదు.

స్టీలు వేడిని త్వరగా పంచే లోహం కాదు. అందుకే పలుచటి స్టీలు గిన్నెలో మంట తగిలినచోట మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది. ట్రైప్లైలో రెండు స్టీలు పొరల నడుమ అల్యూమినియం పొర ఉంటుంది. అది అడుగున మాత్రమే కాకుండా గోడల పైదాకా ఉండడమే దీనికీ, అడుగున బిళ్ల అతికించిన మామూలు స్టీలు కుక్కర్లకూ తేడా. ఈ తేడా క్రిస్మస్‌కు మా స్నేహితుల ఇళ్లలో తప్పనిసరిగా వండే బంగాళాదుంప–వేటమాంసం కూర దగ్గర బాగా తెలుస్తుంది. పాత్ర ముందుగా వేడెక్కాక నూనె పోసి, ఉల్లిపాయలను ఎర్రగా వేయించి, మాంసం ముక్కలను కదపకుండా కొంతసేపు వదిలితే, అడుగున గోధుమరంగు పొర ఒకటి పట్టుకుంటుంది. అది మాడు కాదు, కూర రుచి అంతా అందులోనే ఉంటుంది. అరగ్లాసు వేడినీళ్లు పోసి చెక్క గరిటెతో గీకితే ఆ పొర మొత్తం కరిగి పులుసులో కలిసిపోతుంది. పలుచటి స్టీలు పాత్రలో ఇదే పని చేస్తే మంట తగిలిన మేర ముందే నల్లబడేది. ఈ కూరకు మాంసాన్ని మాత్రమే మొదట ఉడికించి, ఆవిరి పోయాక మూత తీసి, అప్పుడు దుంప ముక్కలు వేసి మళ్లీ కొద్దిసేపు ఉంచాలి. రెండూ కలిపి వేస్తే మాంసం మెత్తబడేసరికి దుంప ఆనవాలు ఉండదు.

దుంపలను విడిగా ఉడికించడంలో దీని పనితనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వెయిట్ లేచే సమయానికి కుక్కర్ లోపల బయటి వాతావరణం కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, నీరు దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. విజిల్ అనేది లోపల ఒత్తిడి నిండిందని చెప్పే గుర్తు మాత్రమే, ఎంతసేపు ఉడికిందో అది చెప్పదు. పెద్ద మంట మీద మూడు విజిళ్లు రెండు మూడు నిమిషాల్లో వచ్చేయవచ్చు, సన్నని సెగ మీద పావుగంట పట్టవచ్చు. కాబట్టి మొదటి విజిల్ రాగానే సెగ బాగా తగ్గించి, గడియారం చూసుకోవడం మేలు. ఒకే సైజు మధ్యరకం దుంపలు తొక్కతో సహా సెపరేటర్ గిన్నెలో నీళ్లు పోయకుండా పెట్టి, కుక్కర్ అడుగున ఒకటిన్నర గ్లాసు నీళ్లు పోస్తే, మొదటి విజిల్ తరువాత సన్నని సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు చాలు. ఆవిరి మీద ఉడికిన దుంప నీరు పీల్చుకోదు, ఒలిచి చిదిమితే పొడిపొడిగా వస్తుంది. పూరీ కూరకు, మసాలా దోశలోకి, ఆలూ పరాఠాకు కావలసింది అదే. వెయిట్ ఎత్తి ఆవిరిని ఒక్కసారిగా వదిలేస్తే మాత్రం దుంప లోపలి నీరు ఉన్నట్టుండి ఆవిరై తొక్క పగిలిపోతుంది, కనుక ఒత్తిడి దానంతట అదే దిగే వరకు ఆగాలి. ఈ కుక్కర్ బరువైనది, ఒత్తిడి దిగడానికి అల్యూమినియం దానికంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ సమయంలోనూ లోపల ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి స్టవ్ ఒకటి రెండు నిమిషాలు ముందే ఆపడం నేర్చుకోవాలి.

దుంప స్వభావం తెలియకుండా కుక్కర్‌ను మెచ్చుకోవడం గానీ నిందించడం గానీ సరికాదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో చలికాలపు పంటగా వేసే దుంప కొత్తగా మార్కెట్‌కు వచ్చినప్పుడు తొక్క పలుచగా, గోరుతో గీస్తే లేచేటట్టుగా ఉంటుంది, నీరు ఎక్కువ. ముక్క నిలవాల్సిన పులుసుకు, కుర్మాకు అది మంచిది. ఆగ్రా వైపు నుంచి వచ్చే శీతల గిడ్డంగి దుంపను బాగా చల్లగా నిలవ ఉంచితే దానిలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అటువంటి దుంప వేపుడులో ఉడకకముందే నల్లబడుతుంది, తీపి తగులుతుంది. ఇందులో మూకుడు తప్పూ లేదు, వండేవారి తప్పూ లేదు. అటువంటి దుంపలను కొన్ని రోజులు వంటింట్లో చీకటిచోట బయట ఉంచి వాడితే చాలావరకు సర్దుకుంటాయి. పచ్చరంగు తిరిగినవి, మొలకలు బాగా వచ్చినవి మాత్రం పండుగ అవసరమైనా సరే పారేయడమే క్షేమం.

పులుసు విషయంలో ఒక్క మాట. చింతపండు రసం గానీ టమాటా గానీ ముందే పోస్తే ఆ పులుపుకు దుంప గట్టిపడి, త్వరగా మెత్తబడదు. దుంప సగానికి పైగా ఉడికాకే పులుపు చేర్చాలి. ఆ పులుపు స్టీలు మీద పనిచేయదు కనుక పులుసును రాత్రంతా ఇదే పాత్రలో ఉంచినా లోహపు రుచి రాదు, రంగు మారదు. చారు, పులుసు లేనిదే భోజనం ముగియని మన ఇళ్లకు అల్యూమినియం మీద స్టీలుకు ఉన్న అసలైన ఆధిక్యం ఇదేనని నేను అనుకుంటున్నాను.

ఇక సూపులు. చలికాలం రాగానే హైదరాబాద్ హోటళ్లలో పొద్దున్నే పాయా కోసం జనం నిలబడతారు. ఇంట్లో అదే మేక కాళ్ల సూపు చేయాలంటే మామూలు గిన్నెలో గంటల తరబడి సన్నని సెగ మీద కాయాలి. కాల్చి శుభ్రం చేయించిన కాళ్లు, దంచిన అల్లం వెల్లుల్లి, మిరియాలు, పసుపు, కొత్తిమీర కాడలు వేసి, ఈ కుక్కర్లో మొదటి విజిల్ తరువాత వెయిట్ లేవనంత సన్నని సెగ మీద ముప్పావుగంట ఉంచితే ఎముక దగ్గరి జిగురంతా నీళ్లలోకి దిగుతుంది. ఆ సూపును ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి జున్నులా గట్టిపడుతుంది, వేడిచేయగానే మళ్లీ పలుచబడుతుంది. పెద్ద మంట మీద విజిళ్లు వేయిస్తే లోపల తెర్లిపోయి సూపు మడ్డిగా, తెల్లగా తయారవుతుంది. ఒత్తిడి నిలకడగా ఉంటే తేటగా, ఎర్రటి నూనె చుక్కలు పైన తేలుతూ వస్తుంది. ట్రైప్లై అడుగు వేడిని నిలకడగా పట్టుకోవడం వలన చిన్న బర్నర్ మీద ఈ నిలకడ సులువుగా సాధ్యమవుతుంది. నాకు ఈ పాత్ర మీద గౌరవం పెరిగింది ఈ సూపు వల్లనే.

మాంసం తినని పెద్దవాళ్లకు బంగాళాదుంప సూపు చేస్తాము. వెన్నలో ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు రంగు మారకుండా మగ్గించి, దుంప ముక్కలు, నీళ్లు పోసి మొదటి విజిల్ తరువాత 5 నిమిషాలు ఉంచి, మూత తీశాక పప్పుగుత్తితో మెదిపి, వేడి పాలు, మిరియాల పొడి కలపాలి. దీన్ని మిక్సీలో వేయరాదు. బ్లేడు వేగానికి దుంపలోని పిండి అంతా బయటపడి సూపు బంకలా సాగుతుంది. పైగా వేడివేడిగా వేస్తే మిక్సీ మూత ఎగిరిపడే ప్రమాదం కూడా ఉంది. ఈ కుక్కర్ నోరు వెడల్పుగా ఉండడం వలన పప్పుగుత్తి మూలమూలలా తిరుగుతుంది. మూత లోపలికి దిగి బిగిసే రకం కుక్కర్లు భద్రత విషయంలో ఏమాత్రం తీసిపోవు గానీ, వాటి మెడ సన్నగా ఉండి మెదపడానికీ, సెపరేటర్ గిన్నెలు పెట్టి తీయడానికీ ఇబ్బంది కలుగుతుంది.

లోపాలు లేకపోలేదు. నిండుగా ఉన్నప్పుడు ఒక్క చేతితో దించలేనంత బరువు. మా అత్తగారు దీన్ని ఇప్పటికీ ఎవరైనా ఉంటేనే వాడతారు, కాబట్టి మణికట్టు నొప్పులు ఉన్నవారు రెండు వైపులా పిడులు ఉన్న రకం చూసుకోవాలి. చల్లని నీళ్లలో ఉప్పు వేసి వదిలేస్తే అడుగున తెల్లటి చుక్కలు గుంటలుగా పడతాయి, అవి ఎంత తోమినా పోవు, కనుక నీళ్లు కాగాకే ఉప్పు వేయాలి. ఇంద్రధనుస్సు రంగు మరకలు మాత్రం చింతపండుతో రుద్దగానే పోతాయి. మూతలోని రబ్బరు పాయా వాసనను పట్టుకుని వదలదు. పండుగనాడు అదే కుక్కర్లో పరమాన్నానికి పాలు, బియ్యం పెట్టే ఇంట్లో తప్పనిసరిగా రెండో రబ్బరు కొనిపెట్టుకోవాలి. 5 లీటర్లని రాసి ఉన్నా మూడింట రెండు వంతుల కంటే, పప్పులైతే సగం కంటే ఎక్కువ నింపరాదు. అంటే సూపు మూడు లీటర్ల చిల్లరే వస్తుంది. పదిమందికి మించితే రెండు విడతలు తప్పదు.

ధర 3,000 నుంచి 5,000 రూపాయల మధ్య ఉంటుంది, అదే పరిమాణపు అల్యూమినియం కుక్కర్ అందులో దాదాపు సగానికి వస్తుంది. నలుగురే ఉండి, పండుగకు కూడా బయటి నుంచి తెప్పించుకునే ఇంటికి ఈ ఖర్చు అనవసరం, 3 లీటర్లది చాలు. ఇండక్షన్ స్టవ్ ఉన్నవారికి, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో గ్యాస్ లేని ఇళ్లలో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవారికి మాత్రం స్టీలుదే సరైన ఎంపిక. కొనేటప్పుడు అయస్కాంతం అడుగున అంటుకుంటుందో లేదో చూసుకోవాలి. ప్రెషర్ కుక్కర్ల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2347 సంఖ్యతో ఐఎస్ఐ ముద్ర పాత్ర మీదే ఉండాలి, 2021 ఫిబ్రవరి నుంచి మన దేశంలో ఈ ముద్ర లేని గృహ వినియోగ ప్రెషర్ కుక్కర్లు అమ్మడానికి వీల్లేదు. విడి రబ్బరు, సేఫ్టీ వాల్వు మీ ఊళ్లోనే దొరుకుతాయో లేదో దుకాణంలోనే అడిగి, ఆ రెండింటినీ కుక్కర్‌తోపాటే బిల్లు వేయించుకోండి.