ఫెలోషిప్పా, చార్టరా? సైన్స్ డిపార్ట్‌మెంట్లలో ఆడవాళ్లకు ఏది మేలు?

నోటిఫికేషన్లు పడే రోజుల్లో నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మేడమ్, పీహెచ్‌డీ అయి నాలుగేళ్లయింది, పాప బడికెళ్తోంది, వైజ్‌కి అప్లై చేయమంటారా?" వైజ్ అంటే మహిళా శాస్త్రవేత్తలకు కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ (డీఎస్టీ) ఇచ్చే ఫెలోషిప్. మొన్న అదే ప్రశ్న ఇంకో వైపు నుంచి వచ్చింది. మా డిపార్ట్‌మెంట్ కమిటీలో ఒక పెద్దాయన "ఫెలోషిప్పులు ఉన్నాయి కదమ్మా, మళ్లీ ఈ గతి ఏమిటి మనకు?" అన్నారు. గతి అంటే డీఎస్టీ వారి పథకం పేరు, ఆయన అన్నది రెండర్థాల్లోనూ. అదొక చార్టర్, అంటే ఆడవాళ్ల విషయంలో ఏం మారుస్తుందో సంస్థే రాసిచ్చే ఒప్పందం. ఇద్దరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

ముందు ఫెలోషిప్. 2002-03లో ఉమెన్ సైంటిస్ట్ స్కీంగా మొదలైనది ఇప్పుడు వైజ్-కిరణ్ గొడుగు కిందకి వచ్చింది. పీహెచ్‌డీ అయినవాళ్లకు వైజ్-పీడీఎఫ్, మూడేళ్లు. బయాలజీ వాళ్లకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) వారి బయోకేర్ ఉంది. వీటిలో నాకు నచ్చేది, ప్రాజెక్టు ఆమె పేరు మీదే ఉంటుంది. పెళ్లో కాన్పో కారణంగా ఆగిపోయిన మనిషి మళ్లీ సొంత ప్రశ్నతో ల్యాబ్‌లో అడుగుపెడుతుంది. ఇలా వెనక్కి వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

నా పేచీ ఆ తర్వాతి సంగతితో. ఒక యూనివర్సిటీలో ఇలాగే వచ్చిన ఒకమ్మాయిని దగ్గరగా చూశాను. ద్రావకాన్ని ఆవిరి చేసే యంత్రం రోటావేపర్ కొన్నది ఆమె ప్రాజెక్టు డబ్బుతో, ఆ గది తాళంచెవి మాత్రం సీనియర్ దగ్గర. శనివారం రియాక్షన్ పెట్టాలంటే శుక్రవారమే అడగాలి. తలుపు మీది బోర్డులో ఆమె పేరు మూడేళ్లూ ఎక్కలేదు. గడువు అయిపోయాక రోటావేపర్ డిపార్ట్‌మెంట్ స్టాక్ రిజిస్టర్‌లో మిగిలింది, ఆమె నాలుగు అట్టపెట్టెల ఫైళ్లతో ఇంటికెళ్లింది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటే, కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీతోనే క్లాసులు నడుస్తున్నాయి. మూడేళ్లయ్యాక ఏమిటన్న ప్రశ్నకు ఫెలోషిప్ దగ్గర జవాబు లేదు. నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఆ ప్రశ్నే.

దర్శన్ రంగనాథన్ సంగతే చూడండి. పెప్టైడ్ (ప్రొటీన్ల చిన్న ముక్కలు) కెమిస్ట్రీలో మన దేశంలో ముందు వరుసలో చెప్పుకోవాల్సిన పేరు. భర్త ఐఐటీ కాన్పూర్‌లో ప్రొఫెసర్. భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట ఫ్యాకల్టీ ఉద్యోగం ఇవ్వకూడదని అక్కడొక రాయని రూలు. ఆవిడకు అక్కడ ఎన్నేళ్లున్నా ఫ్యాకల్టీ పోస్టు రాలేదు. తర్వాత త్రివేండ్రం వెళ్లి, అక్కడి నుంచి 1998లో మన హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి వచ్చి డిప్యూటీ డైరెక్టర్ అయ్యారు. 2001లో కన్నుమూశారు. అంతటి మనిషికి ఎన్ని ఫెలోషిప్పులిస్తే ఆ రూలు కదిలేది? దాన్ని సంస్థే తీసేయాలి.

చార్టర్ పని అక్కడ. బ్రిటన్‌లో 2005లో ఎథీనా స్వాన్ అనే చార్టర్ వచ్చింది. విద్యార్థినులు ఎందరు, ప్రొఫెసర్లు ఎందరు, ఇంటర్వ్యూకి పిలిచింది ఎవరిని, ప్రమోషన్ దక్కింది ఎవరికి అని డిపార్ట్‌మెంట్ తన లెక్క తానే తీసి, ఏం మారుస్తుందో రాసిస్తే బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ ఇస్తారు. అదే తీరులో ఇక్కడ 2020లో ప్రకటించి, తర్వాత 30 సంస్థలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిందే గతి.

లెక్క తీయడాన్ని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలోని ఎంఐటీలో బయాలజీ ప్రొఫెసర్ నాన్సీ హాప్కిన్స్ పరిశోధనకు వాడే చేపల తొట్లకు కాస్త చోటు అడిగితే ఇవ్వలేదు. ఆవిడ టేపు పట్టుకుని ల్యాబులన్నీ కొలిచేశారు. 1994లో అక్కడి సైన్స్ విభాగాల్లో మగ ఫ్యాకల్టీ 252 మంది, ఆడవాళ్లు 22 మంది. ఆ కొలతల నుంచి పుట్టిన కమిటీ నివేదిక 1999లో బయటికొచ్చాక, వివక్ష ఉందని యాజమాన్యమే ఒప్పుకుంది.

చార్టర్‌కీ జబ్బులున్నాయి. పట్టికలు నింపే చాకిరీ చివరికి ఆడవాళ్ల నెత్తినే పడుతుంది. పైగా వెనక డబ్బు లేకపోతే అది టీ, బిస్కెట్ల కమిటీ. 2011లో బ్రిటన్‌లో కొన్ని వైద్య పరిశోధన నిధులకు సిల్వర్ అవార్డు ఉండాలన్నారు, అప్పుడు మెడికల్ స్కూళ్లకు హఠాత్తుగా సమానత్వం గుర్తొచ్చింది. 2020లో ఆ షరతు ఎత్తేశారు. గతికి కూడా అలాంటి కళ్లెం ఒకటి ఉంటే బాగుండునని నా కోరిక. అది లేకపోయినా నా ఓటు చార్టర్‌కే.

మిగతావి: 2020లో కేంద్ర పరిశోధన నిధుల బోర్డు సెర్బ్ తెచ్చిన పవర్ గ్రాంట్ ఉద్యోగం ఉన్నవాళ్లకు మంచిదే, కానీ సెర్బ్ తర్వాత ఏఎన్ఆర్ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసిపోయింది. పేటెంట్ల శిక్షణ ఉంది, అది ల్యాబ్ వద్దనుకున్నవాళ్లకు. డీఎస్టీ వారి క్యూరీ నిధులు తిరుపతి పద్మావతి లాంటి మహిళా విశ్వవిద్యాలయాలకు ఇస్తారు, మనిషిగా మీరు అడిగేది కాదు.

ఫోన్ చేసే అమ్మాయిలకు: చార్టర్ ఫలించేదాకా మీ వయసు ఆగదు, ఫెలోషిప్‌కి ఇవాళే అప్లై చేయండి. చేరేముందు మెంటార్‌ని మూడు అడగండి: నా దగ్గర ఒక తాళంచెవి ఉంటుందా, ఎమ్మెస్సీ వాళ్లకు ఒక పేపర్ చెప్పనిస్తారా, దానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తారా. ఇంకా పీహెచ్‌డీలో ఉన్నవాళ్లు యూజీసీ ఇచ్చే 240 రోజుల సెలవు గురించి ఆఫీసులో గట్టిగా అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పెద్దాయనకు నేను ఇంకోలా చెప్పాను. పట్టికలు మగవాళ్లే నింపాలని కమిటీలో రాయించాను. పోయిన వారం ల్యాబులు కొలవడం మొదలైంది. టేపు ఒక కొస నా చేతిలో, రెండో కొస అటెండర్ చేతిలో. మూడో గదిలో ఒక ప్రొఫెసర్‌గారు కుర్చీలోంచి తలెత్తి, "ఏమ్మా, టైల్స్ మారుస్తున్నారా?" అని అడిగారు.