అమ్మతో గ్రాండ్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ: ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో ఆరిజోనా వైపు వెళ్తుంటే, మోటల్ వాళ్లు ఫోన్‌లో చెప్పే "నో ప్రాబ్లమ్ మేడమ్"ని నమ్మి బయల్దేరకండి. నేను ఇది రాయడం మొదలుపెట్టిందే ఈ ఒక్క ముక్క చెప్పడానికి. ట్రిప్‌లో మిగతాదంతా బాగా జరిగింది, అదీ చెప్తాను. కానీ పేజ్ అనే ఊళ్లో మా అమ్మ ఒక రాత్రంతా పడ్డ అవస్థ తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం తగ్గదు.

ఇది 2024 అక్టోబర్ నాటి సంగతి. అమ్మకి అరవై ఎనిమిదేళ్లు, బీపీ ఉంది, రెండు మోకాళ్లూ అరిగాయి. నరసరావుపేట నుంచి ఆరిజోనాలో, ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో ఉన్న మా ఇంటికొచ్చి, వేసవంతా నాలుగు గోడల మధ్యే గడిపింది. ఫీనిక్స్ చుట్టుపక్కల ఆ ఏడాది మే చివర నుంచి సెప్టెంబర్ మధ్య దాకా వరసగా 113 రోజులు ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. నేను ఆఫీసుకి వెళ్తే ఆవిడ గడప దాటే దారే లేదు. కారు నడపదు, నడిచి వెళ్లేంత దూరంలో కూరగాయల కొట్టు కూడా లేదు. అక్కడ ఊళ్లో పొద్దున్నే గుడికీ, సాయంత్రం చెల్లెలింటికీ తనంతట తాను తిరిగే మనిషి, ఇక్కడ ప్రతిదానికీ "నువ్వెప్పుడు తీసుకెళ్తావే?" అని అడగాల్సొచ్చింది.

అందుకే గదులు వెతికేటప్పుడు రేటింగులూ, స్విమ్మింగ్ పూలూ నేను చూడలేదు. అమ్మ గది తలుపు తీసుకుని, నన్ను లేపకుండా, తనే నాలుగడుగులు వేసి ఏదో ఒకటి చూసి రాగలగాలి. నేను చూసుకున్నది అదొక్కటే. మీ అమ్మానాన్నల్ని తీసుకెళ్లేటప్పుడు మీరూ ఇదే చూడండి. సీనరీ కారులోంచి ఎలాగూ కనిపిస్తుంది.

సెడోనాలో ఒక రాత్రి 189 డాలర్లు. ఎర్ర కొండలు చూశాం, ఏ ఇబ్బందీ లేదు.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి, అంటే ఆ లోయ దక్షిణపు అంచుకి, వెళ్లే మనవాళ్లు ఎక్కువగా ఫ్లాగ్‌స్టాఫ్‌లోనో విలియమ్స్‌లోనో దిగుతారు. మొదటిది 80 మైళ్లు, రెండోది 60. గదికి వంద డాలర్లు మిగులుతుంది నిజమే. కానీ సూర్యోదయం చూపించాలంటే పెద్దవాళ్లని తెల్లవారుజామున మూడున్నరకి లేపాలి. చీకట్లో, జింకలు అడ్డొచ్చే రోడ్డు మీద గంటన్నర కూర్చోబెట్టాలి. పార్కు గేటు బయటే ఉన్న టుసాయన్ కొంత నయం, అయినా అక్కడి నుంచి కూడా కారు తీయాల్సిందే. నేను మాత్రం పార్కు లోపలే, అంచు మీదే ఉండాలని పట్టుబట్టాను. అక్కడి గదులకి పదమూడు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు కాబట్టి ఎప్పుడు చూసినా ఖాళీ లేదనే వస్తుంది. కానీ ఎవరో ఒకరు రద్దు చేసుకుంటూనే ఉంటారు. రోజూ పొద్దున కాఫీ తాగుతూ వెబ్‌సైట్ చూడటం అలవాటు చేసుకుంటే, ఒకరోజు బ్రైట్ ఏంజెల్ లాడ్జ్‌లో కాబిన్ దొరికింది. టాక్స్‌తో కలిపి 271 డాలర్లు.

అది దొరికాక ఆగస్టు చివర్లో పెద్ద టెన్షన్. కాన్యన్ లోపలి నుంచి పైకి నీళ్లు తెచ్చే పాత పైపులైన్ నాలుగు చోట్ల పగిలి, సౌత్ రిమ్ హోటళ్లన్నీ కొన్నాళ్లు రాత్రి బస ఆపేశాయి. ఆ పైపు 1960ల నాటిది, ఇలా పగలడం అక్కడ మామూలే. సెప్టెంబర్ మొదట్లో మళ్లీ తెరిచాక గానీ నాకు నిద్ర పట్టలేదు. మీరు వెళ్లే వారం ముందు పార్కు వెబ్‌సైట్‌లో నీళ్ల సంగతి తప్పకుండా చూసుకోండి.

బ్రైట్ ఏంజెల్‌ని 1935లో మేరీ కోల్టర్ అనే ఆవిడ డిజైన్ చేసింది. కాబిన్లు చిన్నవి, ఏసీ లేదు, గోడలు పాతవి. అక్టోబర్ రాత్రి చలికి హీటర్ బాగా పనిచేసింది, మాకు అంతే కావాలి. ఒక జాగ్రత్త: అదే లాడ్జ్‌లో తక్కువ రేటు గదులు కొన్నింటికి సొంత స్నానాల గది ఉండదు, వరండా చివరకి వెళ్లాలి. బుక్ చేసేముందు ఆ లైను చదవండి. పక్కనే ఉన్న ఎల్ తోవార్ 1905 నాటి గొప్ప హోటల్, ఫొటోలు చూస్తే ఆశ పుడుతుంది. కానీ లిఫ్ట్ లేదు. అమ్మతో వెళ్లేదాన్ని నాకు దాని గొప్పతనంతో పని లేదు.

మర్నాడు పొద్దున నాకు మెలకువొచ్చేసరికి అమ్మ మంచం మీద లేదు. గుండె ఆగినంత పనైంది. బయటికి పరిగెత్తి చూస్తే, రాతి గోడ ఇవతల బెంచీ మీద, నా జాకెట్ మీద తన శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. పక్కన ఎవరో తెల్ల పెద్దావిడ. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మ ఫోన్‌లో మా అన్నయ్య పిల్లల ఫొటోలు చూపిస్తోంది, ఆవిడ తన మనవల్ని చూపిస్తోంది. లోయలోకి అప్పుడే ఎండ దిగుతోంది. "ఇంకాసేపు పడుకోకపోయావా, నేనొస్తాగా" అంది నన్ను చూసి. ఆ మాట కోసం 271 కాదు, ఇంకో వంద ఎక్కువైనా ఇచ్చేదాన్ని.

ఇక్కడ ఇంకో రెండు సంగతులు. సౌత్ రిమ్ దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తు. నాలుగడుగులకే ఆయాసం వస్తుంది, నీళ్లు ఎక్కువ తాగించాలి, బీపీ మాత్రలు చేతి సంచిలోనే ఉంచాలి. రెండోది చాలామందికి తెలియదు. అంచు వెంబడే వ్యూ పాయింట్లకి వెళ్లే హెర్మిట్ రోడ్డు మీదకి మార్చి నుంచి నవంబర్ దాకా సొంత కార్లని రానివ్వరు, షటిల్ బస్సులోనే వెళ్లాలి. కానీ నడవలేని వాళ్లుంటే ఎంట్రన్స్ దగ్గరో విజిటర్ సెంటర్‌లోనో అడిగితే ఒక పర్మిట్ ఉచితంగా ఇస్తారు. అది అద్దం దగ్గర పెట్టుకుంటే మన కారులోనే వెళ్లొచ్చు. ప్రతి వ్యూ పాయింట్ దగ్గరా అమ్మ దిగింది, చూసింది, ఎక్కింది.

తిండి సంగతికొస్తే, మాది శాకాహారం. రెస్టారెంట్లలో మాకు దొరికింది తక్కువ, బిల్లు ఎక్కువ. విలేజ్ మార్కెట్‌లో పెరుగు కొనుక్కుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోరతో పూట గడిపాం.

ఇక పేజ్. ఆంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయ, హార్స్‌షూ బెండ్ అనే నది వంపు చూడటానికి అందరూ అక్కడే దిగుతారు. నేను ఒక మోటల్ చూసి, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేముందు ఫోన్ చేశాను. కింది అంతస్తు, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, ఈ రెండూ ఉన్నాయా అని అడిగాను. "నో ప్రాబ్లమ్, నోట్ పెడతాను" అన్నారు. వెళ్లే ముందు రోజు మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ అదే జవాబు. 142 డాలర్లు, టాక్స్‌తో 163.

సాయంత్రం వెళ్తే పై అంతస్తు తాళం చేతిలో పెట్టారు. లిఫ్ట్ లేదు. కింది గదులన్నీ ఒక టూర్ బస్సు వాళ్లకి ఇచ్చేశారట. "గ్రౌండ్ ఫ్లోర్ రిక్వెస్ట్ మాత్రమే, గ్యారంటీ కాదు" అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు, తల కూడా ఎత్తకుండా. రెండుసార్లు ఫోన్ చేశానని చెప్తే, ఎవరు మాట్లాడారో తనకి తెలియదన్నాడు. డబ్బు వెనక్కి ఇమ్మంటే బుకింగ్ సైట్‌ని అడగమన్నాడు. సైట్‌కి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, మోటల్ ఒప్పుకుంటేనే ఇస్తామన్నారు. మోటల్ వాళ్లేమో సైట్ ఒప్పుకోవాలన్నారు. ఊళ్లో ఇంకో గది 300కి తక్కువ లేదు, అవీ పై అంతస్తులే.

అమ్మ ఇదంతా కారులోంచి చూస్తోంది. "పోనీలేవే, ఒక్క రాత్రేగా" అని తనే దిగింది. ఇనుప కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, ఆగి ఆగి ఎక్కింది. పైకి వెళ్లాక ఆవిడ మాట్లాడలేదు. మా అమ్మ మాట్లాడకపోతే నొప్పి బాగా ఉన్నట్టు.

పొద్దున ఇంకా ఘోరం. స్నానానికి ఉన్నది మోకాలెత్తు గట్టున్న టబ్బు. కడ్డీ లేదు, అడుగున రబ్బరు చాప లేదు. స్నానం చేయకుండా కాఫీ కూడా ముట్టని మనిషి. నా భుజం పట్టుకుని ఒక కాలు ఎత్తింది, రెండోది ఎత్తడానికి భయపడి వెనక్కి దించేసింది. చివరికి వాష్ బేసిన్ దగ్గర తువ్వాలు తడిపి ఒళ్లు తుడుచుకుంది. ఆ పూట ఆవిడ ముఖం చూసి, ఆంటిలోప్ కాన్యన్ టూర్ డబ్బులు పోతే పోయాయని వదిలేశాను. హార్స్‌షూ బెండ్ దగ్గర పార్కింగ్‌కి 10 డాలర్లు కట్టాక, రానూ పోనూ మైలున్నర నడకని తెలిసి అమ్మ నీడలో కూర్చుండిపోయింది. నేను కూడా వెళ్లలేదు. (అక్కడ నేషనల్ పార్క్ పాస్ పనికిరాదు, అది పేజ్ ఊరి పార్కింగ్.)

ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. మూడంతస్తుల లోపు కట్టడాలకి లిఫ్ట్ పెట్టాలని అమెరికా వికలాంగుల చట్టం పట్టుబట్టదు, అందుకే రెండంతస్తుల మోటళ్లలో దాదాపు ఎక్కడా కనిపించదు. కానీ అదే చట్టం కింద 2012 నుంచి ఒక నిబంధన ఉంది: "యాక్సెసిబుల్" అని రాసిన గదిని బుక్ చేస్తే, ఆ గదిని మన పేరు మీదే అట్టిపెట్టాలి, వేరేవాళ్లకి ఇవ్వకూడదు. కాబట్టి నడవడం నిజంగా కష్టమైన పెద్దవాళ్లుంటే కింది అంతస్తు కావాలని నోటిమాటగా అడగొద్దు. "యాక్సెసిబుల్, రోల్-ఇన్ షవర్" అని ఉన్న గదినే, హోటల్ సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. రోల్-ఇన్ షవర్‌కి గట్టు ఉండదు, కడ్డీలుంటాయి, కూర్చోవడానికి బల్ల ఉంటుంది. మధ్యలో ఇంకో సైట్ ఉంటే గొడవొచ్చినప్పుడు ఇద్దరూ చేతులెత్తేస్తారు. బ్యాగులో ఒక ప్లాస్టిక్ మగ్గు, ఒక రబ్బరు చాప ఎలాగూ పెట్టుకోండి.

పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ రెండు గంటలు. అమెరికాలో మిగతాచోట్ల లాగా ఆరిజోనాలో వేసవికి గడియారాలు గంట ముందుకి మార్చరు, నవాహో నేషన్‌లో (నవాహో అనే ఆదివాసీల సొంత ప్రాంతం, మాన్యుమెంట్ వ్యాలీ అందులోదే) మాత్రం మారుస్తారు. అంటే అక్కడికి చేరేసరికి ఒక గంట ముందుకి పోతుంది, ఫోన్ అటూ ఇటూ గెంతుతుంది. పేజ్ టూర్లు ఆరిజోనా టైము, మాన్యుమెంట్ వ్యాలీ నవాహో టైము, ఇది గుర్తుంచుకోండి.

మేం దిగింది వ్యాలీ లోపలే ఉన్న ద వ్యూ హోటల్‌లో. నవాహోల సొంత హోటల్, 2008లో తెరిచారు. కింది అంతస్తు గది, టాక్స్‌తో 338 డాలర్లు. ఎంట్రీకి మనిషికి 8. "ఒక్క పూటకి పాతిక వేలకి పైనా!" అని అమ్మ గొణుగుతూనే లోపలికొచ్చింది. బాల్కనీ తలుపు తీశాక ఇంకేం అనలేదు. ఎదురుగా చేతి తొడుగుల్లా నిలబడ్డ మిట్టెన్ శిలలు, మధ్యలో ఏ అడ్డూ లేదు. మేం వెళ్లింది అక్టోబర్ 17, ఆశ్వయుజ పౌర్ణమి. బాల్కనీ తూర్పు ముఖం. సాయంత్రం వెలుగు పోతుండగానే ఆ రాళ్ల పక్క నుంచి చంద్రుడు పైకొచ్చాడు, ఆ ఏడాదిలోకెల్లా పెద్ద చంద్రుడు. అమ్మ కుర్చీలోంచే దణ్ణం పెట్టుకుంది. లోయలో పదిహేడు మైళ్ల మట్టి రోడ్డు మీద జీపు టూర్లు ఉన్నాయి, చాలామంది అదే అసలు మజా అంటారు. నడుం నొప్పి ఉన్నవాళ్లకి నేను చెప్పను. ఆ గతుకుల కన్నా ఆ కుర్చీయే నయం.

రాత్రి అక్కడి రెస్టారెంట్‌లో నవాహో టాకో తిన్నాం. మందంగా, పళ్లెమంత వెడల్పున నూనెలో పొంగిన రొట్టె మీద బీన్స్, కూరలు. మాంసం లేకుండా ఇమ్మంటే ఇచ్చారు. కొన్నిచోట్ల ఈ రొట్టెని పంది కొవ్వులో వేయిస్తారు, అందుకని ముందే అడిగాను. వెజిటబుల్ ఆయిలే అన్నారు. వడ్డించిన నవాహో అమ్మాయి అమ్మకి దాని కథ చెప్పింది, నేను తెలుగులో చెప్తూ వచ్చాను. 1864లో వాళ్ల జాతిని ఊళ్లలోంచి వెళ్లగొట్టి వందల మైళ్లు నడిపించారు, తిండికి సర్కారు ఇచ్చిన పిండీ కొవ్వూ తప్ప ఏమీ లేకపోతే ఈ రొట్టె పుట్టింది. అమ్మ రొట్టె ముక్క పట్టుకుని విని, "ఆ పిల్లని కూర్చోమనవే, పొద్దుటి నుంచి నిలబడే ఉంటుంది" అంది. తర్వాత సంచిలోంచి గోంగూర పచ్చడి తీసి ఆ అమ్మాయికీ కాస్త పెట్టింది. కారానికి కళ్లు తుడుచుకుంటూనే ఇంకోసారి అడిగి వేయించుకుంది.

ఆఖరి రాత్రి ఫ్లాగ్‌స్టాఫ్‌లో, వంటిల్లున్న గది, 139. అమ్మ పప్పు చారు పెట్టింది. రైళ్ల చప్పుడు రాత్రంతా ఉంది, పట్టాలకి దూరంగా తీసుకోండి.

కాన్యన్‌కి నా దగ్గరున్న 80 డాలర్ల ఏడాది పాస్ సరిపోయింది. 62 దాటినవాళ్లకి సీనియర్ పాస్ ఉంది కదా అని మనవాళ్లు అడుగుతుంటారు. అది అమెరికా పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలకి ఇవ్వరు. పైగా 2026 జనవరి నుంచి ఈ దేశంలో నివాసం లేనివాళ్ల దగ్గర గ్రాండ్ కాన్యన్‌తో సహా 11 పార్కుల్లో మనిషికి అదనంగా 100 డాలర్లు తీసుకుంటున్నారు. వాళ్లకి ఏడాది పాస్ 250. ఇప్పుడు వెళ్లేవాళ్లు గేటు దగ్గరికి వెళ్లకముందే ఆ లెక్క చూసుకోండి.

పేజ్ మోటల్ మీద క్రెడిట్ కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాను. నా ఫోన్ కాల్స్ తేదీలు, టబ్బు ఫొటో, మెట్ల ఫొటో అన్నీ పంపాను. రెండు నెలలకి 40 డాలర్లు వెనక్కొచ్చాయి. మిగతా 123 రాలేదు.