వ్యాగన్ఆర్‌కు 145 తీసేసి 155 టైర్లు ఏయించిన, నల్లగొండ రోడ్ల మీద ఎట్లున్నయంటే

పాత వ్యాగన్ఆర్ ఎల్ఎక్స్ఐ ఉన్నోళ్లు, అంటే 2010 నుంచి 2018 దాకా వచ్చిన 1.0 మోడల్, టైర్లు మార్చే టైం వస్తే మొదలు అడిగేది ఇదే, కంపెనీ ఇచ్చిన 145/80 ఆర్13 మరీ సన్నగుంది, జర వెడల్పుది ఏస్తే ఏమన్న అయితదా అని. నేను 155/80 ఆర్13 ఏయించిన, ఎంఆర్ఎఫ్ కంపెనీ జెడ్‌వీటీఎస్ రకం, నాలుగూ ఒక్కసారే. వానాకాలం ఎండాకాలం రెండూ చూసినంకనే రాస్తున్న. ఏయించుకోండి, తేడా మంచిగ తెలుస్తది, కానీ ఈ ఒక్క సైజు పెంచుడు కాడనే ఆగాలె, ఎందుకో కింద చెప్తా.

145 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లల్ల, 80 అంటే ఆ వెడల్పుల 80 శాతం సైడ్‌వాల్ ఎత్తు, 13 రిమ్ము ఇంచులు. లెక్కేస్తే పాత టైరు నిలువు మొత్తం 562 మిల్లీమీటర్లు, కొత్తది 578. పదహారు పెరిగింది, అండ్ల సగం అంటే 8 మిల్లీమీటర్లు బండి లేసినట్టు. ఎనిమిదే కదా అనిపిస్తది కానీ మన ఊర్లల్ల ఎవరింటి ముందర వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఉంటయి చూడండి, నలుగురు కూసుంటే కింద గీకే కాడ ఇప్పుడు గీకకుండ దాటుతుంది. ఇంకొకటి, సైజు పక్కన ఒక నంబర్ ఉంటది, దాన్ని చానమంది చూడరు, పాతదానికి 75, కొత్తదానికి 79. 75 అంటే ఒక్కో టైరు 387 కిలోలు మోస్తది, 79 అంటే 437. తోట కాడికెళ్లి బత్తాయి సంచులు ఎన్కసీట్ల, డిక్కీల నింపుకొచ్చే నాలాంటోళ్లకు అది చిన్న విషయం కాదు. మారుతి కూడా 2019ల వచ్చిన కొత్త వ్యాగన్ఆర్ 1.0కు 155/80 ఆర్13నే ఇచ్చింది, కాబట్టి ఇదేదో ఎవరో కనిపెట్టిన వింత సైజు కాదు, పాత హ్యుండాయ్ ఐ10కు కూడా ఇదే వచ్చేది, నల్లగొండల ఏ షాపుల అడిగినా దొరుకుతది.

ఇప్పుడు అసలు సంగతి. గుండైన టైర్లు తీసి కొత్తయి ఏస్తే ఏ సైజన్నా బాగనే అనిపిస్తది, కాబట్టి అండ్ల కొత్త రబ్బరు గొప్ప ఎంత, వెడల్పు గొప్ప ఎంత అని విడదీసి చూడాలె. మా బామ్మర్దికి కూడా ఇదే కారు, ఆయన అదే టైంల కొత్తయి 145 ఏయించిండు, అందుకే రెండు బండ్లు మార్చి మార్చి నడిపి చూసిన. మామూలు బ్రేకుకు, పొడి రోడ్డు మీద, ఊర్ల తిరిగే స్పీడ్ల, రెండిట్ల పెద్ద తేడా లేదు, ఉన్నదున్నట్టు చెప్పాలె. తేడా నార్కట్‌పల్లి కాడ హైవే ఎక్కినంక తెలుస్తది. వ్యాగన్ఆర్ ఎత్తు బండి, పక్కనుంచి విజయవాడ బస్సు జుయ్యిమని పోతే ఆ గాలికి ఊగుతది, 145ల స్టీరింగ్ సర్దుకోవాల్సి వస్తది, 155ల ఆ సర్దుడు సగం తగ్గింది. మిర్యాలగూడ రోడ్డుల బియ్యం లారీలను ఓవర్‌టేక్ చేసి మళ్ల లైన్లకు వచ్చేటప్పుడు బండి ఒరగకుండ నిలబడుతుంది. శ్రీశైలం పోయినప్పుడు దోమలపెంట దాటి డ్యాం కాడికి దిగే ఘాట్ మలుపులల్ల అయితే మా ఇంటామె కూడా అన్నది, ఈసారి కడుపుల తిప్పలేదు అని.

వరి నాట్లప్పుడు దమ్ము చేసే కేజ్ వీల్స్ (ఇనుప చక్రాల) ట్రాక్టర్లు పొలంల నుంచి తెచ్చిన మట్టి రోడ్డంత ఉంటది, దాని మీద చిన్న వాన పడితే ఇక చెప్పేదేముంది, అక్కడ ఇది పర్వాలేదు. కానీ రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద ఏ టైరూ ఆగదు, 145 అయినా 155 అయినా, వెడల్పున్నది కదా అని స్పీడుగ పోకండి. నీళ్లు నిలబడ్డ కాడ కూడా అంతే, వెడల్పు టైరుకు నీళ్ల మీద తేలే గుణం కొంచెం ఎక్కువనే ఉంటది.

షాపు గురించి చెప్పాలె. హైదరాబాద్ రోడ్డుల ఏయించిన, ఆ అన్న రిమ్ము ఎన్క కొట్టి ఉన్న నంబర్ చూడకుండ టైరు మాట ఎత్తలేదు. నేను 165 గాని 175 గాని అడిగితే డబ్బులు ఎక్కువొస్తయి కదా ఆయనకు, అయినా "వద్దన్నా, నీ రిమ్ము సన్నది, వెడల్పుది ఎక్కిస్తే సైడ్‌వాల్ బుడ్డలెక్క ఉబ్బుతది, నడుమ గీతలు అరిగి పక్కలు అట్లనే ఉంటయి, అంతగనం కావాలంటే రిమ్ములే మార్చాలె" అని చెప్పిండు. అట్ల చెప్పేటోళ్లు కావాలె మనకు. కొత్త వాల్వులు ఏసిండు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేసిండు, అన్నీ అయినంక స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పించి, ఎన్కసీట్ల మనుషులను కూసోబెట్టి టైరు యాడన్న రాసుకుంటుందా అని చూసిండు. యాడా రాసుకోలేదు. మీరు యాడ ఏయించినా ఈ చివరిది మాత్రం చేయించకుండ బయటికి రావద్దు.

మైలేజ్ తగ్గిందా అని అందరు అడుగుతరు. తగ్గింది, కానీ మీటర్ల కనిపించినంత కాదు. టైరు పెద్దగయింది కాబట్టి ఒక్క చుట్టుకు దూరం 2.8 శాతం ఎక్కువ పోతది, మీటరుకు ఆ సంగతి తెల్వదు. నిజంగ 1000 కిలోమీటర్లు పోతే మీటర్ల 972 దాకనే పడతది. లీటరుకు 17 అని మీకు లెక్కొచ్చిందంటే అసలుది 17.5, ఇది కలపకుండ వెడల్పు టైర్లు పెట్రోల్ తాగుతున్నయని తిట్టుకునేటోళ్లు చానమంది ఉన్నరు. స్పీడు కూడా అంతే, మీటర్ల ముల్లు 100 చూపెడితే పాత టైర్లతోని పోయినదానికంటే ఇప్పుడు మూడు కిలోమీటర్లు ఎక్కువ పోతున్నట్టు, స్పీడ్ కెమెరాలున్న కాడ ఇది యాదికుంచుకోండి.

నష్టాలు కూడా ఉన్నయి, అవి ఈ టైరువి కాదు, సైజువి. నిలబడ్డ కాడ స్టీరింగ్ తిప్పితే జర బరువు, పార్కింగుల తెలుస్తది. 998 సీసీ ఇంజన్, ఏసీ ఏసి ఐదుగురు కూసున్నంక పికప్ కొంచెం మొద్దుబారింది, ఘాట్ ఎక్కేటప్పుడు ముందట మూడోదాంట్ల లాగిన కాడ ఇప్పుడు రెండో గేరుకు దిగాల్సి వస్తుంది. నాకు ఇది లెక్కల పట్టేంత కాదు, కానీ రోజూ నిండు లోడుతోని తిరిగే ట్యాక్సీ బండి అయితే ఆలోచించుకోండి.

స్టెప్నీ మాత్రం పాత 145నే ఉంచిన. ముందు టైరు పంచరైతే దాన్ని తీస్కపోయి ముందట పెట్టి దూరం పోవద్దు, ఈ కారును గుంజేటియి ముందు చక్రాలే, ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయితే డిఫరెన్షియల్ మీద, అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకు పంచే గేర్ల మీద, ఆగకుండ భారం పడతనే ఉంటది. దగ్గర్ల ఉన్న పంచర్ షాపు దాకా మెల్లగ పోవచ్చు, దేవరకొండ అవతల రాత్రి పూట అయితే ఎన్క టైరు ముందుకు తెచ్చి స్టెప్నీ ఎన్క పెట్టుకునుడే మంచిది.

గాలి డ్రైవర్ డోరు కాడ స్టిక్కర్ మీద ఉన్నంతే కొట్టిస్తున్న, పొద్దుగాల టైరు సల్లగ ఉన్నప్పుడు. ఎండాకాలం గాలి తక్కువ పెట్టాలె అని చెప్పేటోళ్ల మాట ఇనకండి, గాలి తక్కువుంటే టైరు ఎక్కువ నలిగి ఇంకా ఎక్కువ కాలుతది, మే నెల ఎండల హైవే మీద పేలేటియి చానమట్టుకు అవే.

రేటు అంటే 145కు 155కు టైరు మీద పెద్ద ఫరక్ లేదు. నేను కొన్నప్పుడు జీఎస్టీ 28 శాతం ఉండె, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది, మీకు కలిసొస్తది. కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద నాలుగంకెల నంబర్ చూడండి, 3525 అని ఉంటే 2025ల 35వ వారం తయారైనట్టు. ఏడాది దాటిన స్టాకయితే వేరేది అడగండి, అది కూడా రిమ్ముకు ఎక్కియ్యక ముందే, ఎక్కినంక ఏ షాపోడూ వాపస్ తీస్కోడు.