లైట్ థెరపీ ల్యాంప్: చాలా చలికాలాలు వాడాక నా సమీక్ష

చలికాలపు దిగులు తగ్గడానికి పొద్దున్నే ముందు కూర్చునే, బాగా ప్రకాశవంతమైన ఈ ల్యాంపుల మీద కనిపించే సమీక్షలు ఎక్కువగా డిసెంబర్‌లో, కొన్న వారానికే రాసినవి. వెలుతురు బాగుందనో, కళ్లు జిగేల్మంటున్నాయనో రాసి వదిలేస్తారు. ఇన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఈ ల్యాంపు పనికొస్తుందో లేదో అసలు తెలిసేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో.

ఉత్తరాన 60 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబర్ చివర పగలు ఆరు గంటలు కూడా ఉండదు. ఆ చీకటికి అందరూ సిద్ధపడే ఉంటారు. పండగలు, సెలవులు, వీధుల్లో దీపాలు ఉంటాయి కాబట్టి ఎలాగో నెట్టుకొస్తాం. ఫిబ్రవరికి పగలు బాగానే పెరుగుతుంది, మార్చిలోనైతే రోజుకు 5 నిమిషాలకు పైగా పెరుగుతుంది. కానీ అప్పటికి ఒంట్లో ఓపిక అడుగంటి ఉంటుంది. కిటికీలోంచి ఎండ కనిపిస్తుంది, మంచం దిగబుద్ధి కాదు. నాకు ఈ ల్యాంపు అత్యంత సాయపడింది ఆ రోజుల్లోనే.

దీని వెనక ఉన్న సైన్స్ కొంచెం తెలిస్తే వాడటం తేలికవుతుంది. బాగా ప్రకాశవంతమైన వెలుతురు మనుషుల్లో నిద్రను తెచ్చే హార్మోన్ మెలటోనిన్‌ను తగ్గిస్తుందని పరిశోధకుడు ఆల్‌ఫ్రెడ్ లూవీ బృందం 1980లో చూపించింది. 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు ఏటా చలికాలంలో వచ్చే డిప్రెషన్‌ని, దానికి లైట్ థెరపీని వివరిస్తూ పేపర్ రాశారు. మొదట్లో 2,500 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వెలుతురు ముందు గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చేది. తర్వాత 10,000 లక్స్ దగ్గర అరగంట అనేది మామూలు పద్ధతి అయింది. ఇంట్లో, ఆఫీసులో మామూలు లైట్ల వెలుతురు కొన్ని వందల లక్స్‌కి మించదు. గదిలో లైట్లన్నీ వేసుకున్నా మత్తు వదలకపోవడానికి కారణం అదే.

కొనేటప్పుడు చూడాల్సింది డబ్బా మీద ఉన్న 10,000 అంకె ఒక్కటే కాదు, అది ఎంత దూరంలోనో కూడా. నేను ముందు వాడిన చిన్న ల్యాంపులో ఆ వెలుతురు రావాలంటే దాదాపు ముఖానికి ఆనించుకుని కూర్చోవాలి. దూరం పెరిగేకొద్దీ వెలుతురు వేగంగా పడిపోతుంది. ఇప్పుడున్నది ల్యాప్‌టాప్ స్క్రీన్ అంత ఉంటుంది, 30 సెంటీమీటర్ల దూరంలో పని చేస్తుంది. పెద్ద ప్యానెల్ ఉంటే తల కాస్త అటూ ఇటూ కదిలినా ఫర్వాలేదు. యూవీ (అతినీలలోహిత) కిరణాలను ఆపే ఫిల్టర్ ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. అలాగే, దీని ముందు కూర్చుంటే విటమిన్ డి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. విటమిన్ డి కోసం యూవీ కావాలి, మంచి ల్యాంపు దాన్నే ఆపేస్తుంది.

నేను నిద్ర లేచిన గంటలోపే వేస్తాను. ఎదురుగా పెట్టను, కాస్త పక్కగా, కళ్లకంటే కొంచెం ఎత్తులో పెడతాను. దాన్నే చూస్తూ కూర్చోనక్కర్లేదు, కళ్లు తెరిచి ఉంటే చాలు. కాఫీ తాగుతూ, మెయిల్స్ చూసుకుంటూ అరగంట గడిచిపోతుంది. సాయంత్రం మాత్రం వద్దు, రాత్రి నిద్ర పట్టదు. మొదటి వారంలో నాకు కొంచెం తలనొప్పి వచ్చింది. పావుగంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే తగ్గింది. నాలుగైదు రోజుల్లోనే పొద్దున లేవడం తేలికైంది. దిగులు తగ్గడానికి ఇంకో వారం పట్టింది. మధ్యాహ్నం మూడింటికి ముంచుకొచ్చే నీరసం మాత్రం పూర్తిగా పోలేదు.

వస్తువుగా చూస్తే లోపాలున్నాయి. స్టాండు బలంగా లేదు, కాస్త తగిలితే వెనక్కి వాలిపోతుంది. వెలుతురు తగ్గించి పెడితే సన్నగా మినుకుమంటుంది, అందుకే ఎప్పుడూ ఫుల్‌లోనే వాడతాను. టైమర్‌ని రోజూ కొత్తగా సెట్ చేయాలి. నిద్రమత్తులో ఉన్న మనిషికి అది చిన్న చిరాకు కాదు.

ఇక వసంతం సంగతి. మార్చిలో నాలుగు రోజులు ఎండ కాయగానే ల్యాంపు తీసి అటక మీద పెట్టేయాలనిపిస్తుంది. వెంటనే పెట్టకండి. యూరప్‌లో చాలా దేశాల్లో మార్చి చివరి ఆదివారం, అమెరికా, కెనడాల్లో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది. పొద్దున్నే లేచేవాళ్లకి మళ్లీ చీకటే. ల్యాంపు ఆపేస్తే నాకు వారం తిరక్కుండానే ఆ బరువు వెనక్కి వస్తుంది. అందుకే గడియారం మారాక రెండు వారాలు ఆగి, అప్పుడు రోజుకు కొంచెం చొప్పున తగ్గిస్తాను. ఆ సమయాన్ని బయట నడకకి ఇస్తాను. మబ్బు పట్టినా బయట కొన్ని వేల లక్స్ ఉంటుంది. తాజా మంచు తన మీద పడ్డ వెలుతురులో 80 శాతానికి పైగా తిరిగి పైకి పంపుతుంది. ఎండ కాసే రోజున మంచు మీద పొద్దుటి నడకకు ఏ ల్యాంపూ సాటి రాదు. అయితే మంచు కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టే రోజుల్లో కాలిబాటలు అద్దంలా జారతాయి. ముళ్ల పట్టీ ఉన్న బూట్లు లేకుండా వెళ్లొద్దు.

ఇంకొక మాట. వసంతం రాగానే మనసు దానంతట అదే తేలికపడుతుందన్న హామీ లేదు. ఉత్తరార్ధగోళంలో ఆత్మహత్యలు వసంతంలో, వేసవి మొదట్లో పెరుగుతాయని 19వ శతాబ్దం నుంచే గమనిస్తూ వచ్చారు. చుట్టూ అందరూ ఉత్సాహంగా ఉన్నప్పుడు మీకు మాత్రం దిగులు తగ్గకపోతే, ల్యాంపు సమయం పెంచుకుంటూ కూర్చోకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బైపోలార్ (మనసు మరీ ఉత్సాహానికీ, మరీ దిగులుకీ మారుతుండే జబ్బు) ఉన్నవాళ్లకి ఈ వెలుతురు మనసుని మరీ పైకి ఎగదోసే ప్రమాదం ఉంది, డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. రెటీనా (కంటి లోపలి పొర) జబ్బులు ఉన్నవాళ్లూ అంతే. మా అత్తయ్య మా దగ్గర ఒక చలికాలం గడిపినప్పుడు తనకూ కావాలన్నారు. షుగర్ వల్ల ఆమె కళ్లకి ఇబ్బంది ఉంది కాబట్టి ముందు కంటి డాక్టర్‌ని అడిగాం. ఆయన వద్దన్నారు, మేమూ పట్టుబట్టలేదు. ఆమె కుర్చీని మధ్యాహ్నం ఎండ పడే కిటికీ పక్కకి జరిపాం.

మళ్లీ కొంటారా అంటే, కొంటాను. బలమైన స్టాండు, పెద్ద ప్యానెల్, గుర్తుపెట్టుకునే టైమర్ ఉన్నది కొంటాను. మీరు కొత్తగా తీసుకునేట్లయితే సెప్టెంబర్‌లో తీసుకుని, పొద్దున వెలుతురు తగ్గడం మొదలవగానే వాడటం మొదలుపెట్టండి. దిగులు ముదిరాక మొదలుపెట్టిన ఏడాదికంటే ముందే మొదలుపెట్టిన ఏళ్లలో నా ఫిబ్రవరి చాలా తేలిగ్గా గడిచింది.