ఐప్టాసియాకి పచ్చళ్ళ సున్నం, రెండేళ్ళు వాడాక

ఉప్పునీళ్ళ అక్వేరియంలో రాళ్ళకి పట్టి పాకిపోయే చీడ జీవి ఐప్టాసియా, పువ్వులా మీసాలు విచ్చుకుని ఉంటుంది. దాన్ని చంపడానికి నేను తగలేసిన డబ్బంతా కూడితే ఇంకో ట్యాంకు వచ్చేది. చివరికి పని చేసింది మాత్రం సూపర్ మార్కెట్లో మేసన్ జాడీల పక్కన దొరికే పిక్లింగ్ లైమ్. ఇక్కడివాళ్ళు కీరదోస ముక్కలు కరకరలాడాలని ఊరగాయకి ముందు నానబెడతారే, ఆ సున్నం. రీఫ్ ట్యాంకుల వాళ్ళు, అంటే అక్వేరియంలో కోరల్ (పగడపు జీవులు) పెంచేవాళ్ళు, దాన్నే నీళ్ళలో కలిపి కాల్క్‌వాసర్ అని జర్మన్ పేరు పెట్టి పిలుస్తారు. మన సున్నపు తేటే. డాలస్ శివారులో మా ఇంట్లో ఉన్నది 40 గ్యాలన్ల ట్యాంకు, అంటే 150 లీటర్లు. అందులో ఈ సున్నాన్ని రెండేళ్ళ మూడు నెలలుగా వాడుతున్నాను. ఇదంటే నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా.

పిలవని పేరంటానికి వచ్చినవి మా ట్యాంకులో ఇంకా చాలానే ఉన్నాయి. ట్యాంకులో పేర్చిన నా రాళ్ళు ఫ్లోరిడా వైపు మెక్సికో గల్ఫ్ నుంచి వచ్చినవి. సముద్రంలో సహజంగా ఉన్న రాయిని తీయడం అక్కడ 1990ల్లోనే నిషేధించారు. ఇప్పుడు క్వారీ సున్నపురాయిని లీజుకు తీసుకున్న సముద్రపు నేల మీద పడేసి, జీవులు పట్టాక పైకి తీసి అమ్ముతారు. ఆ రాయితో బొచ్చు కాళ్ళ గొరిల్లా పీత ఒకటి వచ్చింది. గ్లాసులో రొయ్య ముక్క వేసి, రాత్రి ఏటవాలుగా పెట్టి పట్టేశాను. బ్రిసిల్ పురుగుల జోలికి వెళ్ళలేదు, మిగిలిపోయిన మేత శుభ్రంగా తినేస్తాయి. వారం రోజులు రాత్రిపూట టక్కుమని చప్పుడు వస్తుంటే చేపల్ని చంపే మాంటిస్ రొయ్యేమో, నా చేపలకి మూడిందని కూచున్నా. తీరా చూస్తే పిస్టల్ రొయ్య. ఉండనిచ్చాను.

ఐప్టాసియా దగ్గరే నా ఓపిక అయిపోయింది. కొత్తలో బ్లేడుతో గీకాను. పాదం దగ్గర చిన్న ముక్క మిగిలినా అది మళ్ళీ పూర్తి ఐప్టాసియా అవుతుందని అప్పుడు తెలియదు. నెల తిరిగేసరికి ఒకటి ఉన్నచోట పన్నెండు. పెప్పర్‌మింట్ రొయ్యలు మూడు తెచ్చాను. చిన్నవాటిని తిన్నాయి, బొటనవేలి గోరుకి మించినవాటి వంక చూడలేదు, పైగా కోరల్ నోట్లో పెట్టిన మేత లాక్కునేవి. ఐప్టాసియాని తినే బెర్గియా నుడిబ్రాంకులు (గుల్ల లేని సముద్రపు నత్తలు) తెద్దామంటే నా ట్యాంకులో సిక్స్‌లైన్ రాస్ అనే చేప ఉంది, దానికవి ఫలహారం. రాయి తీసి మరిగించమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. రాయి మీద పెరిగే జోయాంతిడ్లనే పగడం లాంటి జీవుల్లో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉండొచ్చు, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు.

సున్నం పెట్టడం నాకిప్పుడు ఆదివారం రాత్రి పని. పంపులన్నీ ఆపేస్తాను. చెంచాడు సున్నంలో ఆర్వో నీళ్ళు చుక్కచుక్కగా పోసి, దోసెల పిండి కంటే చిక్కగా, పళ్ళ పేస్టు కంటే పల్చగా కలుపుతాను. మొండి సూది ఉన్న 3 మిల్లీలీటర్ల సిరంజిలోకి ఎక్కిస్తాను. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. సూదిని దానిమీదికి పై నుంచి దించితే నీడ పడి ముడుచుకుపోతుంది. అందుకని పక్క నుంచి, ఊపిరి బిగబట్టి, నోటి దాకా వెళ్ళి బఠాణీ గింజంత వదలాలి. అది మేత దొరికిందనుకుని మీసాలన్నీ లోపలికి ముడుచుకుంటుంది, సున్నంతో సహా. ఆ ముడుచుకోవడం చూడడానికే నేనీ పని చేస్తానేమో అని అనుమానం. ఇరవై నిమిషాలాగి పంపు వేస్తాను. తెల్లారేసరికి పదిలో తొమ్మిది తోలు తిత్తుల్లా వేలాడుతుంటాయి. సున్నంలోకి ఎముక లేకుండా కొట్టడం అంటారు కదా, దీనికెలాగూ ఎముక లేదు, సున్నం నేనే ఇచ్చాను.

నిరుడు ఎండాకాలం వచ్చేసరికి ఈ సంబరమంతా ఆవిరైపోయింది. పేస్టు పెడుతున్నాను, అది ముడుచుకుంటోంది, పొద్దున్న చూస్తే అదే ఐప్టాసియా అదే చోట హాయిగా విచ్చుకుని ఉంటోంది. వారం, రెండు వారాలు, రెండు నెలలు. వీటికి సున్నం అలవాటైపోయిందనుకున్నా. మోతాదు రెట్టింపు చేశాను. అప్పటికి ఆరుండేవి, నలభై దాకా అయ్యాయి.

అప్పుడే నాన్న తెనాలి నుంచి ఆరు నెలలుండడానికి వచ్చారు. ఒక ఆదివారం కుర్చీ వేసుకుని పక్కన కూచుని టార్చి పట్టుకున్నారు. "తుంగ పీకినట్టు పీకుతున్నావేంట్రా, కింద గడ్డ ఉండగా అది పోతుందా?" అన్నారు. ఆ తర్వాత గిన్నెలో తెల్లటి ముద్ద చూసి, "సున్నమా అది?" అని అడిగి, నేను వద్దనేలోపే వేలితో తీసి బొటనవేలి మీద రాశారు. ఆయన నలభై ఏళ్ళు తమలపాకు వేసిన మనిషి.

"చురుక్కుమనట్లేదే. ఇది చచ్చిన సున్నం రా."

నాకర్థం కాలేదు. "నాన్నమ్మ సున్నపుకాయ గుర్తులేదూ? పైన వేలెడు నీళ్ళు ఎప్పుడూ నిలవుండాల్సిందే. నీళ్ళు ఆరనిస్తే ఊరుకునేదా? గాలి తగిలితే సుద్దయిపోతుంది." ఇంతకీ సున్నం ఎక్కడ పెడుతున్నావని అడిగారు. చూపించాను. సంచి జిప్పు ఏనాడో ఊడిపోయింది, బట్టల క్లిప్పు పెట్టి ట్యాంకు కింద అల్మరాలో, సంపు (ట్యాంకు నీళ్ళు వడగట్టే తొట్టి) పక్కన పడేశాను. తలుపు తీస్తే అద్దాల మీద చెమట పట్టే చోటు.

వంటింట్లోకి వెళ్ళి చెంచాలో ఆ పొడి వేసి వెనిగర్ పోశాను. బుసబుసమని పొంగింది. మంచి సున్నమైతే నురుగు రాదు, వెనిగర్‌తో పొంగేది సుద్ద. తేమ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి నెలల తరబడి దాన్ని తినేశాయి. వెల్లవేసిన గోడ గట్టిపడేది కూడా ఇలాగే. రెండు నెలలుగా నేను ఐప్టాసియాలకి సుద్దముక్క తినిపిస్తున్నాను. నేను చదివింది కెమికల్ ఇంజినీరింగు, ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మర్నాడు కొత్త సంచి తెచ్చాను. వెనిగర్ పోస్తే నిమ్మళంగా కరిగింది. ఆ రాత్రి ఆరు ఐప్టాసియాలకి పెడితే పొద్దున్నకి ఆరూ తిత్తులే. నాన్న కాఫీ గ్లాసుతో వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఇప్పుడు సున్నాన్ని బిగుతు మూత ఉన్న చిన్న సీసాల్లో పోసి, తేదీ రాసి, పడగ్గది అల్మరాలో పెడుతున్నాను. నెలకోసారి వెనిగర్ చుక్క తప్పదు.

పైన పదిలో తొమ్మిది అన్నాను. అది రాయి ముఖం మీద, నాకు ఎదురుగా ఉన్నవాటి లెక్క. పగుళ్ళలో ఉన్నవి సగం మళ్ళీ వస్తాయి. చవక అని కూడా మురిసిపోతుంటాను గానీ, ఆ చవక మాటే నన్ను చెడగొట్టింది. కొత్త సంచి వచ్చిన వారానికి ఉత్సాహం పట్టలేక ఒకే రాత్రి పాతికకి పైగా పెట్టాను. టైమర్ సంగతి మరిచాను, మధ్యలో వేవ్‌మేకర్ (అలలు పుట్టించే పంపు) దానంతటదే తిరిగి పేస్టంతా మంచులా లేచింది. పీహెచ్ 8.2 నుంచి 8.7కి ఎక్కింది. ఎయిర్ స్టోన్ వేసి రాత్రంతా కూచున్నాను. ఒక ట్రోకస్ నత్త పోయింది, ఆకుపచ్చ జోయాంతిడ్లు పదిహేను రోజులు ముడుచుకునే ఉన్నాయి. అప్పటి నుంచి రాత్రికి ఆరే, ప్లగ్గు గోడ నుంచి పీకేసి మరీ.

మీరూ వాడండి అని గట్టిగా చెప్పలేను. నాది చిన్న ట్యాంకు, రాళ్ళు చేతికందేలా ఉన్నాయి, ఆదివారం రాత్రుళ్ళు ఖాళీ, చెయ్యి ఇంకా వణకట్లేదు. 200 గ్యాలన్లుండి, లోపల సిక్స్‌లైన్ లాంటిది లేకపోతే నేనూ బెర్గియాకే డబ్బు పెట్టేవాణ్ణేమో. పసిపిల్లలున్న ఇంట్లో ఈ సీసాలు పెట్టుకోవడం కూడా నాకు మనసొప్పదు.

ట్యాంకు నీళ్ళు పొర్లి సంపులోకి దిగే ఓవర్‌ఫ్లో పెట్టె లోపల ప్రస్తుతం రెండు ఐప్టాసియాలున్నాయి. సిరంజి అందదు. చూడనట్టే తిరుగుతున్నాను.