సంతకం పెట్టిన అన్నా, పెట్టనన్న చెల్లెలా?

హవాయిని చివరగా ఏలిన ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. అన్న కలాకౌవా 1874 నుంచి 1891 జనవరిలో చనిపోయేదాకా ఏలాడు, తర్వాత గద్దెనెక్కిన చెల్లెలు లిలియుకలానికి రెండేళ్లు కూడా నిండనివ్వలేదు. పిల్లల్ని ఇంకో ఇంటికి పెంపకానికి ఇచ్చే ఆచారం అక్కడుంది, 'హానై' అంటారు. మన దత్తత లాంటిదే గానీ కన్నవాళ్లతో బంధం తెగదు. అలా ఈమె వేరే పెద్దింట్లో పెరిగింది. ఇద్దరికీ కడుపున పిల్లలు లేరు, అందుకే ఇంకో చెల్లెలి కూతురు కయులాని వారసురాలైంది.

ఇద్దరిలో ఎవరు మేలు అంటే, సరదా మనిషి కావాలంటే అన్నే. 1881లో లోకమంతా చుట్టొచ్చాడు, అలా భూమిని చుట్టిన మొదటి రాజు ఆయనే, దారిలో కలకత్తా, బొంబాయి కూడా చూశాడు. చెరకు తోటలకు కూలీలు కావాలన్నది పైకి చెప్పిన కారణం (నాకైతే తిరగాలన్న సరదాయే ఎక్కువనిపిస్తుంది). కట్టించిన ఇయోలాని ప్యాలెస్‌లో వైట్‌హౌస్ కన్నా ముందే కరెంటు దీపాలు వెలిగాయి. గద్దెనెక్కిన తొమ్మిదేళ్లకు, 1883లో, తీరిగ్గా పట్టాభిషేకం చేసుకున్నాడు. దుబారా అని తిట్టినవాళ్లు చాలామందే, వాళ్లది పూర్తిగా తప్పనీ అనలేను. కానీ మిషనరీలు పాపమని ఈసడించిన హులా నాట్యాన్ని ఆ వేడుకలో అందరి ముందూ ఆడించింది ఆయనే. ఇవాళ్టికీ హవాయిలోని హిలో ఊళ్లో ఏటా పెద్ద హులా పోటీలు ఆయన పేరు మీదే జరుగుతాయి.

మరి రాజ్యం సంగతి? 1887లో చక్కెర వ్యాపారుల మనుషులు తుపాకులు పట్టుకుని కొత్త రాజ్యాంగం తెచ్చి ముందు పెడితే సంతకం పెట్టేశాడు. దాంతో రాజు చేతిలో అధికారం పోయింది, పై సభకు ఓటేసే హక్కు ఆస్తి, ఆదాయం ఉన్నవాళ్లకే పెట్టడంతో చాలామంది హవాయీయులకు అది దక్కలేదు, ఆసియా నుంచి వచ్చినవాళ్లకైతే ఓటే లేకుండా పోయింది. ఆ సమయానికి చెల్లెలు విక్టోరియా రాణి జూబిలీకని లండన్‌లో ఉంది, కబురు తెలిసి ప్రయాణం కుదించుకుని ఇంటికొచ్చింది.

1893 జనవరిలో ఆమె ఆ రాజ్యాంగాన్ని మార్చబోయింది. మూడు రోజుల్లో, 17వ తేదీన, అమెరికా ఓడలోంచి దిగిన సైనికుల అండతో అదే వ్యాపారుల ముఠా ఆమెను దించేసింది. ఒప్పుకుని ఊరుకుంటే గద్దె నిలిచేది కదా అంటారు కొందరు. నిలిచేదేమో, కానీ అన్న అలాగే నిలబెట్టుకున్న గద్దెలో ఏం మిగిలిందో ఆమె కళ్లారా చూసింది. పైగా దిగేటప్పుడు కూడా తెలివిగా, తనను దించినవాళ్లకు కాదు, అమెరికా బలానికి తలొగ్గుతున్నానని రాసిచ్చింది. ఆ మాట పట్టుకునే ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్ విచారణ వేయించాడు. రాజ్యం తిరిగి రాలేదు, 1898లో అమెరికాలో కలిపేసుకున్నారు, 1993లో అమెరికా క్షమాపణ చెప్పింది.

ఆమె మాత్రం సంతకం పెట్టలేదా అంటే, పెట్టింది. 1895లో ఆమెను మళ్లీ గద్దెనెక్కించాలని ఆమె మనుషులు చేసిన తిరుగుబాటు విఫలమయ్యాక, గద్దె మీద హక్కు వదులుకోకపోతే జైల్లో ఉన్న నీ మనుషుల ప్రాణాలు పోతాయని బెదిరించారు. అది కూడా ఎప్పుడూ వాడని 'లిలియుకలాని డొమినిస్' అనే పేరుతో, భర్త ఇంటిపేరు తగిలించి పెట్టించారు. అన్న సంతకంతో దీన్ని ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. నా ఓటు చెల్లెలికే, హులా విషయంలో తప్ప.

ఆ తర్వాత తిరుగుబాటు కేసులో ఆమె విచారణ జరిగింది అన్న ముచ్చటపడి కట్టించుకున్న దర్బారు హాల్లోనే. అరెస్టు చేసినప్పటినుంచి మొత్తం ఎనిమిది నెలల దాకా అదే ప్యాలెస్ మేడ మీద గదిలో బంధించారు. పేపరు చదవనివ్వలేదు, అయితే బయటినుంచి వచ్చే పూలను జనం వార్తా పత్రికల్లో చుట్టి పంపేవారు. పూలు పక్కన పెట్టి, ఆ నలిగిన కాగితాలు సాపు చేసుకుని చదువుకునేది.