ప్రపోజల్ ప్యాకేజీ బుక్ చేసేముందు ఇది చదవండి

నిన్న రాత్రే తిరిగొచ్చాం. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. వీకెండ్ ప్రపోజల్ ప్యాకేజీల కోసం వెతికినవాళ్లకు ఆ రిసార్టు ప్రకటన కనబడే ఉంటుంది. సరస్సు ఒడ్డున చెక్క వేదిక, చుట్టూ దీపాలు, అదే. రెండు రాత్రుల గది, అలంకరణ, ఫొటోగ్రాఫరు, అన్నీ కలిపి డబ్బు ముందే కట్టించుకున్నారు. అమ్మాయికి తెలియకూడదని ఫోన్‌లో మూడుసార్లు చెప్పా. "మాకిది కొత్తేం కాదు సార్, నిశ్చింతగా రండి" అన్నారు. నమ్మాను.

రిసెప్షన్ దగ్గరే అంతా పాడైంది. నేను బ్యాగులో ఐడీ వెతుకుతున్నా. కౌంటర్‌లో అతను కాగితం ఆమె ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్నుతో చూపించాడు. సరిగ్గా దాని పైలైనులోనే "ప్రపోజల్ సెటప్, సాయంత్రం 6" అని ఉంది. చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా కూడా. తన చూపు అక్కడ ఆగడం చూశాను. ఒక్క క్షణం. సంతకం పెట్టేసి, పెన్ను తిరిగిచ్చి, "పద, కాసేపు పడుకుంటా" అంది. జేబులో ఉంగరం పెట్టె మీదున్న నా చెయ్యి చెమటతో తడిసిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఏమీ ఎరగనట్టే నవ్వుతూ తిరిగింది, నేను బాధపడకూడదని. నాలుగు నెలలు మనసులో దాచుకున్న మాట నా నోటి నుంచి తొలిసారి వినాల్సిన మనిషి, దాన్ని చెక్-ఇన్ కాగితం మీద చదివింది. నాకు మింగుడు పడనిది ఇదే.

సాయంత్రం సంగతి చెప్పాలంటే, సూర్యాస్తమయానికి ముందు వెలుగు బాగుంటుందనే 6 గంటలు అడిగా. ఫొటోగ్రాఫరు 7 దాటాక వచ్చాడు. అప్పటికి చీకటి. ఫ్లాష్ వెలుగులో తన కళ్లు మూసుకుపోయిన ఫొటోలే మిగిలాయి.

తను ఒప్పుకుంది. మర్నాడు మేనేజర్ని కలిసి అలంకరణకీ ఫొటోలకీ కట్టిన డబ్బు వెనక్కివ్వమన్నా. కుర్చీలోంచి లేవకుండానే, "అమ్మాయి ఒప్పుకుంది కదా సార్, ఇంకేంటి మీ సమస్య?" అన్నాడు. పక్కనే తను నిలబడి ఉంది. నాకు నోరు పెగల్లేదు. తన జవాబు కూడా వాళ్ల ప్యాకేజీలో భాగమన్నట్టు మాట్లాడాడు ఆ మనిషి. క్షమాపణ లేదు, కనీసం "పొరపాటైంది" అన్న మాట కూడా లేదు.

తప్పు నాదీ ఉంది. చెప్పిందంతా నోటిమాటగానే చెప్పాను, ఒక్క మెయిల్ పెట్టలేదు. కొద్దిగా తగ్గిస్తామన్నారని నేరుగా వాళ్ల ఖాతాకు బదిలీ చేశాను. కార్డుతో కట్టుంటే కనీసం బ్యాంకు ద్వారా డిస్ప్యూట్, అంటే డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు, వేసే దారైనా ఉండేది.

మీరు వెళ్తుంటే, గది ఒకచోట, అలంకరణ వేరేవాళ్ల దగ్గర మాట్లాడుకోండి. "రహస్యం" అన్న మాట రాతలో పెట్టించండి. ఆ తేదీన అక్కడ సూర్యుడు ఎన్నింటికి అస్తమిస్తాడో మీరే చూసుకుని ఫొటోగ్రాఫరుకు టైము చెప్పండి. ఐడీ కాపీలు ముందే పంపేసి, రిసెప్షన్ దగ్గరికి మాత్రం మీరొక్కరే వెళ్లండి.